సముద్రపు బావులు, పడిపోయిన వాటాలు

ఎల్లరును అమ్మునప్పుడు కొనుము, పది సంవత్సరములు ఓపిక పట్టుము అను బోధ మన పట్టణములలో బాగుగా వ్యాపించుచున్నది. గుమాస్తాలును, ఉపాధ్యాయులును, పింఛను పుచ్చుకొను పెద్దలును నేడు చేతిలోని ఫోనునందే వాటాలు కొనుచున్నారు. రిజర్వు బ్యాంకు విధించిన హద్దులకు లోబడి విదేశపు వాటాలును కొనవచ్చును. ఈ బోధకు నిదర్శనముగా సముద్రగర్భమున చమురుబావులు త్రవ్వు కంపెనీలను తరచుగా చూపుచుందురు. కావున ఆ కథను చదువరుల యెదుట నుంచుట మా విధి.

ఈ కంపెనీలు అమ్మునది చమురు కాదు, వాటికున్నవి ఓడలు. ఒక్కొక్క ఓడను అరువది, డెబ్బది కోట్ల డాలర్లు వెచ్చించి కొరియాలో కట్టించి, చమురు కంపెనీలకు దినసరి అద్దెకిత్తురు. 2013 ప్రాంతమున మేలైన ఓడకు రోజునకు ఆరు లక్షల డాలర్లు పలికెను. 2014 జూనులో పీపా 115 డాలర్లున్న బ్రెంటు చమురు 2016 జనవరిలో 30 డాలర్లకు దిగువకు జారెను. అద్దెయు రెండు లక్షలకు లోబడినది. పనిలేని ఓడను కట్టివేసినను కావలి ఖర్చు తప్పదు. వడ్డీ అంతకన్న తప్పదు.

లోకమునకు ఎదురీది ఆ వాటాలు కొన్నవారి వాదము తెలివితక్కువది కాదు. క్రొత్త ఓడలు కట్టించువారు లేరు, పాతవి తునుకలగుచున్నవి, ప్రపంచమునకు చమురు కావలెను, గనుక అద్దె మరల పెరుగునని వారనిరి. పెరిగినది కూడ. 2023 నాటికి కొన్ని ఒడంబడికలు రోజునకు ఐదు లక్షల దరిదాపులకు వచ్చినవి. మరి వారికి దక్కినదేమి?

సీడ్రిల్ కంపెనీ 2017లో ఒకసారి, 2021లో మరియొకసారి కోర్టును శరణు జొచ్చినది. 2020 ఏప్రిలులో డైమండ్, జూలైలో నోబుల్, ఆగస్టులో వలారిస్ అదే త్రోవ పట్టినవి. ఓడలు మునుగలేదు, కంపెనీల పేళ్లును పోలేదు, యజమానులు మారిరి. అప్పిచ్చినవారు తమ పత్రములను క్రొత్త వాటాలుగా మార్చుకొనిరి. పాత వాటాదారులకు అత్యల్పభాగమో, నిర్ణీతమైన ధరకు తరువాత కొనుక్కొను హక్కుపత్రమో చిక్కినది. కోర్టులెరిగినవారికి ఇందులో వింత లేదు. తాకట్టు భూమి వచ్చే యేట రెట్టింపు ధర పలుకునని వేలమునాడు ఎంత మొరపెట్టుకొన్నను ఋణదాత వినునా?

దివాలా తీయని ట్రాన్సోషన్ సంగతియు చూడుడు. దాని ఓడ ధీరుభాయ్ డీప్‌వాటర్ కె.జి.1, 2013లో మన దేశపు తూర్పు తీరమునకు వెలుపల 3,174 మీటర్ల లోతు నీటిలో బావి త్రవ్వి నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పినది. పనితనమున కొదువ లేదు. అయినను 2008లో 150 డాలర్లు మించిన వాటా 2020లో ఒక డాలరుకు దిగువకు పడి, 2023లో మంచిరోజులు వచ్చినను తొమ్మిది డాలర్లు దాటలేదు. ఒకప్పుడు సుమారు 32 కోట్లుండిన వాటాలు 2024 నాటికి 80 కోట్లు మించినవి. రాబడి యేదైనను అంతమందికి పంచవలెను. డాలరులోపల కొన్న కొలదిమంది ఎనిమిది రెట్లు గడించిరి. బోధకులు చూపునది వారినే!

చెన్నపట్నపు అబాన్ ఆఫ్‌షోర్ మనవారికి మరింత సన్నిహితము. అప్పుచేసి నార్వేలోని సిన్వెస్టును కొన్న ఆ కంపెనీ వాటా 2008 ఆరంభమున నాలుగువేల రూపాయలు మించియుండెను; 2020లో యాభైకి దిగువ నుండెను.

పడిపోయిన కంపెనీని కొనదలచువారు చమురు ధరను గూర్చిన జోస్యములకన్న ముందు, అప్పు ఏ యేట ఎంత చెల్లవలెనో చదువవలెనని మా అభిప్రాయము. వార్షిక నివేదికలో అది అచ్చువేయబడియే యుండును. అద్దె పెరుగులోపల ఆ గడువు ముంచుకొనివచ్చునేని, పాత వాటాదారుడు పట్టిన ఓపిక ఋణదాతకు పనికివచ్చును. కోర్టులో అప్పు తీర్మానమై 2021లో వెలువడిన వలారిస్ క్రొత్త వాటాలు కొన్నవారు రెండేండ్లలో మంచి లాభము చూచిరి. వానికిని 2024 ద్వితీయార్ధమున మరల దెబ్బ తగిలినది.