పందికి రెండు గీతలొస్తే?

కొవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టుకుని, పదిహేను నిమిషాలు ఆ చిన్న ప్లాస్టిక్ కిట్ వైపే చూస్తూ కూర్చున్న తరం మనది. ఒక గీతొస్తే హమ్మయ్య, రెండొస్తే గదిలో బందీ. అచ్చం అలాంటి కిట్లు ఇప్పుడు పందులకీ ఉన్నాయి. పుల్ల బదులు రక్తపు చుక్క, అంతే తేడా. కానీ పందికి రెండో గీతొచ్చి, ల్యాబ్ కూడా అవునందంటే ఐసొలేషన్ ఉండదు. ఆ దొడ్డిలో ఉన్నవన్నీ, చుట్టూ ఒక కిలోమీటరు లోపల ఇంకెవరి పందులున్నా అవన్నీ చంపి గోతిలో పాతేస్తారు. అందుకే ఆ కిట్ గురించి కాస్త మాట్లాడుకోవాలి.

జబ్బు పేరు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. 2009లో మనందరికీ మాస్కులు కట్టించిన స్వైన్ ఫ్లూకీ, దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది మనుషులకి సోకదు. పందికి సోకితే మాత్రం బతకడం చాలా అరుదు. 1921లో కెన్యాలో దీని గురించి మొదటిసారి రాశారు. 2007లో జార్జియా, 2018లో చైనా దాటి 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లోకి వచ్చింది. 2022లో కేరళలోని వయనాడ్‌లోనూ కనిపించింది. మందు లేదు. వియత్నాం 2023లో టీకాలకి అనుమతిచ్చినా, మన రైతు చేతికందేది ఏదీ లేదు. కాబట్టి మిగిలిన దారి, వచ్చిందని త్వరగా తెలుసుకోవడమే.

త్వరగా తెలియకపోతే ఏమవుతుందో అస్సాం చూసింది. 2020 ఫిబ్రవరి చివర్లో పందుల చావులు కనిపించాయి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవరే అని భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థ తేల్చి, రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించేసరికి మే మొదలైంది. మధ్యలో లాక్‌డౌన్ ఒకటి. అప్పటికే 7 జిల్లాల్లో, 306 ఊళ్లలో 2,500 పందులు పోయాయి. మరుసటి ఏడాది ఒక్క మిజోరంలోనే 33 వేలకు పైగా చచ్చిపోయాయి.

మరి చూసి గుర్తుపట్టలేరా? పట్టలేరు, అక్కడే ఉంది చిక్కు. దీనికో డూప్ ఉంది, క్లాసికల్ స్వైన్ ఫీవర్. మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న జబ్బు. రెండింటికీ అదే ఎక్కువ జ్వరం, మేత మానేయడం, చెవుల మీదా పొట్ట కిందా ఎర్రటి మచ్చలు. ఎంత అనుభవం ఉన్న వెటర్నరీ డాక్టరైనా కంటితో చూసి ఇది ఫలానా అని ఒట్టేసి చెప్పలేడు. కానీ క్లాసికల్‌కి మన దగ్గరే తయారయ్యే టీకా ఉంది. అది క్లాసికల్ అయితే చుట్టుపక్కల ఇంకా సోకని పందులకి టీకాలేసి కాపాడుకోవచ్చు. ఆఫ్రికన్ అయితే గొయ్యి తవ్వాలి. అవే మచ్చలు, తీర్పులు మాత్రం రెండు.

తేల్చడానికి ప్రామాణికమైన దారి పీసీఆర్. శాంపిల్‌ని వేడి చేసి, చల్లార్చి, మళ్లీ వేడి చేసి, ఇలా నలభైసార్లు తిప్పే మెషీన్ కావాలి. కరెంటు కావాలి, ల్యాబ్ కావాలి, ఐస్ పెట్టెలో రక్తం అక్కడిదాకా చేరాలి. కొండ మీది ఊరి నుంచి ఇదంతా జరగాలంటే రోజులు పడుతుంది. ల్యాంప్ అని ఇంకో పద్ధతి ఉంది, 2000లో జపాన్ వాళ్లు ప్రకటించింది. దానికి వేడీ చల్లా ఆట అక్కర్లేదు. అరవై, అరవై ఐదు డిగ్రీల దగ్గర ఒకే వేడి మీద ఓ గంట ఉంచితే చాలు, గొట్టంలో రంగు మారేలా చేసుకోవచ్చు. బ్యాటరీతో పనిచేసే చిన్న హీటర్ ఉన్నా సరిపోతుంది. అన్నిటికన్నా సులువు మన గీతల కిట్. అన్నిటికన్నా బలహీనం కూడా అదే. పందికి జ్వరం బాగా ముదిరి, రక్తంలో వైరస్ నిండుగా ఉన్నప్పుడు బాగా పడుతుంది. మొదటి రోజుల్లో తప్పించుకుపోతుంది.

నేను ఆఫీసులో టెస్ట్ కేసులు రాసి బతికేవాణ్ణి కాబట్టి ఇక్కడ చిన్న లెక్క వేస్తా. అంకెలు ఊరికే అనుకున్నవి. జబ్బున్న వంద పందుల్లో డెబ్భైని పట్టే కిట్ ఉందనుకోండి. ఒక్క పందికే పరీక్ష చేస్తే ముప్పై శాతం మోసపోతాం. అదే దొడ్డిలో జ్వరంతో ఉన్న మూడు పందులకి చేస్తే? మూడూ తప్పిపోయే అవకాశం మూడు శాతం లోపే. అంటే బలహీనమైన కిట్ కూడా మందని చూడటానికి పనికొస్తుంది. కానీ ఈ లెక్కలో ఓ బగ్ ఉంది. మూడు పందులకీ నిన్ననే సోకి ఉంటే మూడూ ఒకే కారణంతో తప్పిపోతాయి. ఒకే తప్పు ఆలోచనతో రాసిన మూడు టెస్టులు ఒకేసారి పచ్చగా వెలిగినట్టు.

తిరగేసి కూడా చూడండి. ఆరోగ్యంగా ఉన్న వందలో ఇద్దరికి పొరపాటున గీత చూపించే కిట్‌తో, ఏ జబ్బూ లేని జిల్లాలో వెయ్యి పందుల్ని పరీక్షిస్తే ఇరవై గీతలొస్తాయి. గోతులు తవ్వే వ్యవహారంలో ఇరవై తప్పులంటే మాటలు కాదు. అందుకే నా ఉద్దేశంలో ఈ కిట్ పని ఒక్కటే: జబ్బుపడిన చోట గేటు వేయించడం. గీతొస్తే గేటు వేసి, శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి. గీత రాకపోయినా అనుమానం ఉంటే గేటు తియ్యకూడదు, శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి. రెండు వైపులా ల్యాబ్ తప్పదు. మరి కిట్ ఎందుకంటారా? ఆ మధ్య రోజుల కోసం.

ఆ మధ్య రోజుల్లోనే వైరస్ ప్రయాణిస్తుంది. పంది నీరసపడింది, ఇంకా చావలేదు, జబ్బేంటో ఎవరూ చెప్పట్లేదు. అప్పుడు ఇంటివాళ్లకి తట్టే మొదటి ఆలోచన, పోయేలోపు అమ్మేద్దాం. ఆ మాంసంలో వైరస్ బతికే ఉంటుంది. ఎక్కడో వంటింట్లో కడిగిన నీళ్లు, మిగిలిన ముక్కలు ఇంకో పంది కుడితిలోకి వెళ్తాయి. వాళ్లని తిట్టడం తేలిక. మా టీమ్‌లో ఐజ్వాల్ అబ్బాయి ఒకడున్నాడు. వాళ్లింట్లో పంది అంటే బ్యాంకు ఖాతానే అంటాడు. ఫీజు కట్టాలన్నా, క్రిస్మస్ చేయాలన్నా దాన్నే తీస్తారు. అన్నట్టు మన టౌన్లలో పంది అంటే మున్సిపాలిటీకి పెట్టే కంప్లైంటూ, నోటికొచ్చిన తిట్టూ. వాటిని పెంచి బతికేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారని గుర్తుకు రాదు.

పరీక్ష చేసేవాళ్ల నుంచీ ప్రమాదం ఉంది. రక్తం తీయాలంటే పందిని పట్టుకోవాలి, అది గీపెడుతుంది, గింజుకుంటుంది, రక్తం చిందుతుంది. అదే బూట్లతో పక్కింటి దొడ్డికెళ్తే వైరస్‌ని మనమే మోసుకెళ్లినట్టు. దీనికి అమెరికాలోని పెద్ద ఫారాల్లో వాడే ఓ ఉపాయం నాకు భలే నచ్చింది. దొడ్డిలో ఒక నూలు తాడు వేలాడదీస్తారు. పందికి కొత్త వస్తువంటే మహా ఆసక్తి, అన్నీ వచ్చి నములుతాయి. అరగంట తర్వాత తాడు పిండితే మంద మొత్తం లాలాజలం ఒకే సీసాలో. సూది లేదు, పెనుగులాట లేదు. అయితే రక్తంలో కనిపించిన కొన్నాళ్లకి గానీ లాలాజలంలో వైరస్ సరిగ్గా దొరక్కపోవచ్చు. పైగా ఇంటికి రెండే పందులున్న చోట దీనివల్ల పెద్ద లాభం లేదు.

చంపిన పందులకి పరిహారం ఉంది, కేంద్రం సగం, రాష్ట్రం సగం. ఐజ్వాల్ అబ్బాయిని అడిగా, ‘ఈ కిట్ మీ ఊరొస్తే, పంది మేత మానేసిన రోజే మీ అమ్మ డాక్టర్‌కి ఫోన్ చేస్తారా?’ అని. కాసేపు ఆలోచించి, ‘డబ్బు ఎన్ని రోజుల్లో వస్తుందో చెప్తే చేస్తుంది’ అన్నాడు.

ఇలాంటి కిట్ ఫొటో తీసి అప్‌లోడ్ చేసే యాప్ రాసే పని రేపు మీలో ఎవరికైనా పడొచ్చు. రిజల్ట్ కనిపించే స్క్రీన్ మీదే ఇంకో వరస పెట్టండి: పరిహారం ఎంత, ఏ తేదీకి, ఇప్పుడు ఎవరి టేబుల్ మీదుంది.