లారీ ఎక్కించని సంచి

బదిలీల మీద తిరిగే ప్రతి ఇంట్లోనూ ఒక సంచి ఉంటుంది. మంచాలు, బీరువా, వంటసామాను, మీ సైకిళ్ళు అన్నీ లారీ ఎక్కుతాయి. ఆ సంచి మాత్రం అమ్మ ఒళ్ళో కూర్చుని రైల్లో వస్తుంది. అందులో మీ టి.సి., జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, బదిలీ ఉత్తర్వు, నాలుగైదు పాస్‌పోర్టు ఫోటోలు ఉంటాయి. లారీ వారం ఆలస్యమైనా బడిలో చేరడం ఆగకూడదు కదా! మేమూ ఇప్పటికి ఆరు ఊళ్ళు మారాం. ఒకసారి మా లారీ దారిలో చెడిపోయి తొమ్మిది రోజులు రాలేదు. చాపల మీద పడుకున్నాం గానీ, ఉద్యోగంలో చేరాల్సిన రోజునే చేరాం.

పిల్లలూ, కంప్యూటర్ల మీద నడిచే ఆసుపత్రికీ, బ్యాంకుకీ, మన ఫరీదాబాద్‌లో వీధివీధికీ కనిపించే చిన్న కార్ఖానాకీ అలాంటి సంచి ఉందా అన్నదే ఈసారి మేము అడగదలచుకున్న ప్రశ్న.

ఢిల్లీ ఎయిమ్స్ మీకు తెలిసిందే. ఇక్కడ మెట్రో ఎక్కి సెంట్రల్ సెక్రటేరియట్‌లో మారితే నేరుగా ఆసుపత్రి స్టేషన్‌లోనే దిగుతాం. 2022 నవంబరు 23న పొద్దున అక్కడి సర్వర్లు పనిచేయడం మానేశాయి. ఎవరో లోపలికి చొరబడి, అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారాన్ని ఎవరూ చదవలేని రహస్య లిపిలోకి మార్చేశారు. దీన్నే రాన్సమ్‌వేర్ అంటారు. మన ఇంటికి మనమే వెళ్ళలేకుండా దొంగ బయట తన తాళం వేసుకుపోవడం లాంటిది. ఓపీ చీటీలు, పరీక్షల రిపోర్టులు, బిల్లులు అన్నీ మళ్ళీ చేత్తో రాయాల్సి వచ్చింది. దూరప్రాంతాల నుంచి వచ్చి తెల్లవారుజామునే వరసలో నిలబడే రోగులున్న చోట అదెంత కష్టమో ఊహించండి. చాలా సేవలు తిరిగి కుదుటపడటానికి రెండు వారాలు పట్టింది.

ఆసుపత్రి నెట్‌వర్క్‌ను సరిగ్గా భాగాలుగా విడదీసి ఉంచకపోవడం ఒక లోపమని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అదే సమయంలో ఇంకో మాటా చెప్పింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలింది, అందులోంచే ఈ-హాస్పిటల్ సమాచారమంతా కొత్త సర్వర్లలోకి తెచ్చుకున్నారు. అంటే లారీ పోయింది, సంచి మిగిలింది.

ఆ సంచిని లారీలోనే పెడితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. మునుపటి ఊళ్ళో మూడు తరగతుల అర్ధసంవత్సర మార్కులు బడి కంప్యూటర్‌లో ఎక్కించాం. జాగ్రత్తపరులం కాబట్టి పెన్ డ్రైవ్‌లో నకలు కూడా ఉంచాం. ఆ పెన్ డ్రైవ్ పగలూ రాత్రీ అదే కంప్యూటర్‌కి తగిలించే ఉండేది! వైరస్ వచ్చి రెండూ పోయాయి. అక్కడి లెక్కల మాస్టారు ప్రతి మార్కూ నీలి సిరాతో బైండు పుస్తకంలో ఎక్కించుకునేవారు. ఆయన్ని చూసి వెనకాల నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆయన తరగతుల మార్కులు అలాగే ఉన్నాయి. మేము మాత్రం జవాబుపత్రాల కట్టలు విప్పి మళ్ళీ మొదటినుంచి కూడుకున్నాం.

సిగ్గుతో చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. వైరస్ వచ్చిందని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. తిడతారని భయం. ఆ రెండు రోజుల్లో ఇంకో ఇద్దరు టీచర్లు తమ పెన్ డ్రైవ్‌లు తెచ్చి అదే కంప్యూటర్‌కి తగిలించారు. వాళ్ళవీ పోయాయి. మొదటి నష్టం వైరస్ వల్ల, రెండోది మా నోరు పెగలకపోవడం వల్ల.

2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు కాజేశారు. అంతకు కొన్ని వారాల ముందు ఉద్యోగులకు 200కు పైగా మోసపు మెయిళ్ళు పంపారని, ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరిచారని పోలీసులు చెప్పారు. ఈ కథ ఎవరికి చెప్పినా ముందు ఆ ఇద్దరినే తిడతారు. మాకది న్యాయమనిపించదు. 200 మెయిళ్ళలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకటి తెరుస్తారు, మనుషులన్నాక అది తప్పదు. వీధి గుమ్మం తెరిచి ఉంటే దొంగ నేరుగా ఇనప్పెట్టె దాకా నడిచిపోగలిగాడంటే, మధ్య గదులకు తలుపులు పెట్టించనివాళ్ళ మాటేమిటి? సైబర్ భద్రత నిబంధనలు పాటించనందుకు రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకే 65 లక్షల జరిమానా వేసింది.

తప్పు చేసినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టే ఆఫీసులో రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. ఇలాంటి దాడిని గమనించిన 6 గంటల్లోగా తమకు తెలపాలని సంస్థలకు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశమిచ్చింది. పై అధికారికి చెప్పడానికే రెండు రోజులు వణికే చోట ఈ 6 గంటలు ఎలా కుదురుతాయి? ఇంట్లోనూ అంతే. అమ్మ ఫోన్‌లో మీరు ఏదో లింకు నొక్కి డబ్బు పోతే, ముందు ఆమెకు చెప్పండి, వెంటనే 1930కి ఫోన్ చేయించండి. అమ్మలూ నాన్నలూ, ఈ పేజీ మీరూ చదువుతారని తెలుసు. ఆ ఒక్కరోజుకి కోపం దాచుకోండి.

అన్నిసార్లూ దొంగలే ఉండాలని లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్‌లోనే లోపముండి, ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూర్చున్నాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. పెన్నూ కాగితమూ ఉన్నాయి కాబట్టి విమానం ఎక్కగలిగారు.

మన బడిలో మూడు నెలలకోసారి ఒక పూట కంప్యూటర్లన్నీ కట్టేసి పనిచేద్దామని మేము ప్రతిపాదించాం. హాజరు, పుస్తకాల అరువు, ల్యాబ్ సామాను లెక్క అన్నీ ఆ పూటకి కాగితం మీదే. టైము దండగ అని కొందరు సహోద్యోగులు అన్నారు. నిప్పంటుకోకుండానే నిప్పు కసరత్తు చేయిస్తున్నాం కదా, ఇదీ అంతే అన్నాం. ప్రిన్సిపల్ గారు ఆలోచిస్తామన్నారు. లైబ్రేరియన్ మేడమ్ మాత్రం అప్పుడే బీరువా మీది పాత అరువు రిజిస్టరు దించి దుమ్ము దులిపారు. సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయట.