ఎదిగే అమ్మాయి అన్నం మానేస్తే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సోదరీమణులు మాకు రాసే ఉత్తరాలలో ఒక మాట తరచుగా కనిపిస్తుంది: అమ్మాయి చిన్ననాటి నుండి తిండి దగ్గర మొండి, ఇప్పుడు మరీ ఎండిపోతోంది. ఇంట్లో వారు దీనికి సన్నబడాలన్న మోజు, సెల్‌ఫోన్, దిష్టి అని కారణాలు చెప్పుకుంటారు. మన ఇళ్లలో ఎవరూ తలవని మరో కారణం కూడా ఉంది. ఈ నెల దాని గురించే రాస్తున్నాము.

అనొరెక్సియా నెర్వోసా అనేది మనిషి ఆహారాన్ని ప్రమాదకరమైన స్థాయికి తగ్గించుకునే వ్యాధి. ఎక్కువగా కౌమారంలో, ముఖ్యంగా ఆడపిల్లల్లో మొదలవుతుంది. మానసిక వ్యాధులలో ప్రాణహాని ఎక్కువగా ఉన్నవాటిలో ఇది ఒకటి. ఆటిజం అలాంటి వ్యాధి కాదు, అది పుట్టుకతో వచ్చే మనస్తత్వ భేదం. ఈ రెండింటికీ సంబంధం ఉండవచ్చని స్వీడన్ వైద్యుడు క్రిస్టఫర్ గిల్‌బర్గ్ 1980లలోనే సూచించారు. అనొరెక్సియాకు చికిత్స పొందుతున్న స్త్రీలలో సుమారు ఐదో వంతు నుండి మూడో వంతు వరకు ఆటిజం లక్షణాలు బలంగా కనిపిస్తున్నాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

ఈ సంబంధం ఎలా ఏర్పడుతుంది? కొందరు పిల్లలకు అన్నానికి సాలన్ తగిలితే ఆ ముద్ద మింగుడు పడదు. దాల్చా వాసన, వలీమా విందులోని రద్దీ మనకు సంతోషం, వారికి యాతన. కొందరికి ఆకలి వేస్తున్న సంగతే స్పష్టంగా తెలియదు. ఇలాంటి అమ్మాయి హైస్కూలుకు వెళ్లి, స్నేహితురాళ్ల తీరు అర్థంకాక అలసిపోతుంది. అప్పుడు ఆరు గంటల తరువాత తినరాదు, రొట్టె ఒకటే తినాలి వంటి నియమాలు, లెక్కలు ఆమెకు నెమ్మది కలిగిస్తాయి. క్రమంగా ఆ నియమమే ఆమెను ఏలుతుంది. అందంగా కనిపించాలన్న తపన ఇందులో కొంచెమే ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు కూడా.

అయితే తొందరపడి ఆటిజం అని ముద్ర వేయరాదు. ఆకలే మనిషిని మార్చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి ఆహారం తగ్గించి చూశారు. వారు చిరాకుపడ్డారు, ఒంటరితనం కోరుకున్నారు, రేయింబవళ్లు తిండి ధ్యాసలోనే గడిపారు. కాబట్టి వైద్యునికి కావలసింది జబ్బుకు ముందటి సంగతులు. కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకునేదా? ఒకే రకం బట్ట తప్ప వేసుకోనని ఏడ్చేదా? నలుగురిలో ఇతరులను చూసి అనుకరిస్తూ నెట్టుకొచ్చేదా? (ఆడపిల్లల్లో ఆటిజం ఎవరి కంటా పడకపోవడానికి ఈ అనుకరణే ఒక ముఖ్య కారణం.) ఇవి అమ్మీకి, నానీకి తెలిసినంతగా ఏ రిపోర్టుకూ తెలియవు. కాగితం మీద రాసి తీసుకువెళ్లండి.

ఇది తెలిస్తే చికిత్స తీరు మారుతుంది. లండన్‌లోని మాడ్స్‌లీ వైద్యులు ఇలాంటి వారి కోసం ప్రత్యేక పద్ధతి రూపొందించారు. సద్దు తగ్గించిన గదులు, మార్పులు తక్కువగా ఉండే భోజనం, సూటిగా చెప్పే మాట అందులో భాగం. మన ఇంట్లోనూ ఇవి సాధ్యమే. అదే కంచం, అదే వేళ, ఏం వండుతున్నామో ముందే చెప్పడం చాలు. పది మందిలో "ఇది ఏమీ తినదు" అని నవ్వడం మాత్రం ఆపాలి.

ఒకసారి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముందు కాల్చిన ఉడుము మాంసం పెట్టగా ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది హరామా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే కాదన్నారు. తమ ప్రాంతంలో అది లేదని, అందుకే మనసొప్పడం లేదని చెప్పారు. ఖాలిద్ (రజి) ఆయన ఎదుటే దానిని తిన్నారు. ఒకరికి మనసొప్పలేదు, మరొకరు తిన్నారు, ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు.

రమజాన్‌లో మరింత జాగ్రత్త అవసరం. రోజా పేరుతో వ్యాధి దాక్కోగలదు. ఇఫ్తార్ వేళ కూడా తప్పించుకునే అమ్మాయిని, రమజాన్ వెళ్లాక కూడా నఫిల్ రోజాలు ఆపని అమ్మాయిని భక్తురాలని మురిసిపోకుండా గమనించండి. రోగులకు రోజా నుండి దివ్య ఖుర్ఆన్ (2:184, 185) స్వయంగా సడలింపు ఇచ్చింది. వైద్యుని మాట విన్నాక ఆలిమ్‌ను సంప్రదించండి.

దుఆ చేయండి, కానీ తాయెత్తుల కోసం వారాలు పోగొట్టవద్దు. స్పృహ తప్పినా, నెలసరి ఆగినా, చేతులు చల్లబడి నాడి నెమ్మదించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టడం ప్రాణాపాయం కాగలదు, వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా పెంచాలి. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ధర్మవరం నుండి పెనుకొండ, హిందూపురం మీదుగా వెళ్లే రైలు బెంగళూరు చేరుస్తుంది. అక్కడి నిమ్హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఆ కాగితం మరువకండి, వీలైతే నానీని కూడా వెంట తీసుకువెళ్లండి.