ఊదలేని పాపాయికి ఊపిరి పరీక్ష

మూడు నెలల బాబుకి జలుబు చేసింది. రెండోరోజుకే పిల్లికూతలు. ఆసుపత్రికి పరుగు, నెబ్యులైజర్... వారంలో తగ్గింది. నెల తిరక్కుండానే మళ్లీ అదే వరస. ఇక ఇంట్లో పంచాయితీ మొదలు. 'మా వైపు ఎవరికీ ఆయాసం లేదమ్మా' అంటుంది అత్తగారు. 'పుట్టినప్పుడు బాగానే ఉన్నాడు అత్తయ్యా, ఆ జలుబుతోనే వచ్చింది' అంటుంది కోడలు. తప్పు ఎవరి వంశానిదన్న సంగతి అలా ఉంచితే, ప్రశ్న మాత్రం అసలైనదే. ఊపిరితిత్తులు ముందే బలహీనంగా ఉండి జబ్బు చేసిందా? జబ్బు చేసి ఊపిరితిత్తులు బలహీనపడ్డాయా?

తేలాలంటే ఒకటే దారి. జబ్బు చెయ్యకముందే ఊపిరి కొలిచి పెట్టుకోవాలి. చిక్కంతా అక్కడే. పెద్దవాళ్లయితే గొట్టం నోట్లో పెట్టి 'బాగా పీల్చండి... ఇప్పుడు బలంగా ఊదండి' అంటే ఊదుతారు. ఐదారేళ్ల పిల్లలూ నేర్పితే ఊదుతారు. నెలల పిల్లలకి ఎవరు చెప్పగలరు? అందుకే నిద్రమందు పట్టి, గాలితో ఉబ్బే జాకెట్టు తొడిగి, ఛాతీని ఒక్కసారిగా నొక్కి ఊపిరి బయటికి వచ్చేలా చేసే పద్ధతి ఒకటి వచ్చింది. కొన్ని పెద్ద కేంద్రాల్లో అదీ ఉంది. కానీ ఏ జబ్బూ లేని పసివాడికి మందిచ్చి నిద్రపుచ్చడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది?

రెండో పద్ధతిలో మందు లేదు, నొక్కడం లేదు. కడుపునిండా పాలు పట్టాలి. నిద్రపోయేదాకా ఆగాలి. ఆ ఆగడమే పరీక్షలో సగం! అంతా సిద్ధమయ్యాక బిడ్డ లేచి ఏడిస్తే మళ్లీ మొదటికే. నిద్ర గాఢమయ్యాక మెత్తటి చిన్న మాస్కుని ముక్కూ నోరూ కప్పేలా ఆనిస్తారు. మూడు కిలోల బిడ్డ ఒక్కసారి వదిలే గాలి సుమారు 20 మిల్లీలీటర్లు. అంటే నాలుగు టీస్పూన్లు. మాస్కు అంచునుంచి కాస్త గాలి పోయినా లెక్క తప్పుతుంది.

చూసేది ఊపిరి వదిలే తీరు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ వదిలే గాలి మెల్లగా ఊపందుకుని, ఇంచుమించు మూడోవంతు సమయం గడిచాక గరిష్ఠ వేగానికి చేరుతుంది. గాలిగొట్టాలు ఇరుకైతే మొదట్లోనే ఆ వేగానికి వెళ్లి, తర్వాత నీరసిస్తుంది. ఇంకో పరీక్షలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువుని గాలిలో కొద్దిగా కలిపి ఇస్తారు. అది గాలికన్నా ఐదురెట్లు బరువు, రక్తంలో దాదాపు కలవదు. తర్వాత మామూలు గాలి ఇచ్చి, అది బయటికి పోవడానికి ఎంత ఊపిరి పట్టిందో లెక్కిస్తారు. అగరొత్తుల పొగ నిండిన గదిలో కిటికీలు తెరిచినట్టే. గాలి ఆడని మూలలున్న గదిలో పొగ ఆలస్యంగా వదులుతుంది.

ఇంతకీ పంచాయితీ సంగతి? అమెరికాలోని టూసాన్ నగరంలో పుట్టిన పిల్లలపై 1980లో ఒక అధ్యయనం మొదలైంది. 1988లో వచ్చిన ఫలితం ఏమిటంటే... తర్వాత పిల్లికూతలు వచ్చిన పిల్లల ఊపిరితిత్తుల పనితీరు, సగటున, జబ్బుకు ముందే తక్కువగా ఉంది. అలాగని కోడలి మాటా తప్పు కాదు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కి దగ్గర్లోని పార్ల్ ప్రాంతంలో, పేద కుటుంబాల్లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని 2012 నుంచి గమనిస్తూ వచ్చారు. 6-10 వారాల వయసులో నిద్రలోనే పరీక్ష, ఏడాదికి మళ్లీ పరీక్ష. మొదటి కొలతలోని తేడాల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఈలోగా న్యుమోనియా లాంటి జబ్బు చేసిన పిల్లలు ఏడాదికి వెనకబడే ఉన్నారని 2017లో తేల్చారు. ఆరువారాలప్పటి ఆ కొలతే లేకపోతే ఈ మాట అనడానికి వీల్లేదు. గర్భంతో ఉండగా తల్లి తాగిన పొగ, మద్యం ఆనవాళ్లు కూడా బిడ్డ ఊపిరిలో దొరికాయి.

అలాగని 'మా బాబుకీ ఆ పరీక్ష రాయండి' అని డాక్టరుని అడగాల్సిన పనిలేదు. అది ఎక్కువగా పరిశోధనలకే పరిమితం. నిద్ర కాస్త పలచబడినా అంకె మారుతుంది. వందలమంది సగటు చెప్పినంత గట్టిగా ఒక్క బిడ్డ అంకె చెప్పలేదు. ఇంట్లో చెయ్యగలిగింది వేరే ఉంది. బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో గడియారం పెట్టుకుని చూడాలి. నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. పసివాళ్లు మధ్యలో కాసేపు ఊపిరి ఆపి మళ్లీ తీసుకుంటారు కాబట్టి, పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది. రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఆపైన ఏడాదిలోపు బిడ్డకి 50... అంతకు తగ్గకుండా ఉంటే మరోసారి లెక్కపెట్టాలి. అప్పుడూ అంతే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.