మిగిలే వారసత్వం

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఒకప్పటి ఆసఫ్‌జాహీ వంశీకుల నివాసం చౌమహల్లా ఉంది. 18వ శతాబ్దిలో సలాబత్ జంగ్ కాలాన మొదలైన ఈ నిర్మాణం, అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా పాలనలో 1857-1869 మధ్య పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ళ వల్లనే దానికి ఆ పేరు. వాటి నడుమ కొలను, ఫౌంటెన్లు, పచ్చిక, చెట్ల నీడ. శిథిలమవుతున్న ఈ కట్టడాలను పునరుద్ధరించినందుకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది.

ఇటీవల మా అమ్మగారిని వెంటబెట్టుకొని అక్కడికి వెళ్ళాము. తల్లిదండ్రుల ముందు కరుణతో, వినయంతో ఒదిగి ఉండాలని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశిస్తున్నది. వారి నడకకు మన నడకను సరిపెట్టుకోవడం కూడా ఆ వినయంలో భాగమే. అమ్మగారు కొలను ఒడ్డున కూర్చుంటే మేమూ కూర్చున్నాము. షాండ్లియర్లు వెలిగే ఖిల్వత్ దర్బారు కంటే ఆ చెట్ల నీడే ఆమెను మాట్లాడించింది. పుట్టింటి పెరట్లో తమ తండ్రిగారు నాటిన జామచెట్టును, కాయలు దించగానే ముందుగా ఇరుగుపొరుగు పిల్లలకు పంచిన ఆయన అలవాటును తలచుకున్నారు. ఆ ఇల్లు అమ్ముడుపోయి ఏళ్ళు గడిచాయి. చెట్టూ లేదు. తాతగారిని గూర్చిన ఈ సంగతి మేము అంతవరకు ఎరుగము.

కహఫ్ సూరాలో రెండు ద్రాక్షతోటల యజమాని ఉదంతం ఉంది. తన తోట ఎన్నటికీ నశించదని అతడు విర్రవీగాడు. తోటలో అడుగుపెట్టినప్పుడు ‘మాషా అల్లాహ్’ అనవలసింది కదా అని మిత్రుడు హితవు చెప్పినా వినలేదు. చివరకు పందిళ్ళు కూలిన తోటను చూసి చేతులు నలుపుకున్నాడు. ఇల్లు కట్టుకోవడం, తోట పెంచుకోవడం దోషం కాదు. ప్రసాదించిన ప్రభువును మరవడమే దోషం.

ముస్లిం నాటిన చెట్టు ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని దానంగా లెక్కకు వస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. మరణానంతరం కూడా పుణ్యం ఆగనివి మూడేనని మరో హదీసు: కొనసాగే దానం, ప్రయోజనకరమైన జ్ఞానం, దుఆ చేసే ఉత్తమ సంతానం. తాతగారి ఇల్లు పరులపాలైంది. జామకాయలు పంచిన పుణ్యం మాత్రం ఇన్షా అల్లాహ్ ఆయన ఖాతాలోనే ఉంది. ఆ కొలను ఒడ్డున కుమార్తె చేతులెత్తి చేసిన దుఆ దానికి తోడైంది.

ఈ సెలవుల్లో మీ తల్లిదండ్రులను వారు పుట్టి పెరిగిన ఊరికి తీసుకువెళ్ళండి. ఇల్లు ఇతరులదైనా వీధిలో నిలిచి చూడవచ్చు. వారు చెప్పేది పిల్లల చేత విననివ్వండి. గతించిన వారి కోసం అందరూ కలిసి దుఆ చేయండి.