సముద్రంలో ఎంత ఉందో కాదు, ఎంత తీయగలరో చెప్పించండి

సెబీ అధ్యక్షుల వారికి,

మాది శ్రీసత్యసాయి జిల్లా ముదిగుబ్బ. చెనక్కాయ అమ్మిన డబ్బులో నాలుగు రాళ్లు మిగిలితే షేర్లలో పెట్టేవాళ్లు ఇక్కడా ఉన్నారు. కాకినాడ తీరాన ఓఎన్జీసీ 2024 జనవరి 7న కొత్త క్షేత్రం నుంచి చమురు తీయడం మొదలుపెట్టినప్పుడు, రోజుకు 45,000 పీపాల దాకా వస్తుందన్న మాట మా ఊరికీ చేరింది. కొనాలా, ఆగాలా?

బోరు పడిన రోజు ఎగజిమ్మే నీళ్లు చూసి తోట పెట్టేస్తే ఏమవుతుందో మా సీమకు తెలుసు. సముద్రపు బావులూ అంతే. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని డీ6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు అనుకున్నారు. 2010లో 6 కోట్లు దాటి, 2013 చివరికి ఒకటిన్నర కోటి కంటే కిందికి పడింది. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ క్షేత్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉందని ప్రకటించారు. తర్వాతి ప్రణాళికలో తీయగలిగింది అందులో చిన్న వంతే. ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను 2017లో ఓఎన్జీసీ కొన్నది. అంటే ఆ భారం చిన్న వాటాదారుల మీదా పడింది.

భూగర్భంలో ఉన్నది వేరు, పైకి తీయగలిగింది వేరు. ఏ కంపెనీ నిక్షేపం ప్రకటించినా ఈ రెండు అంకెలూ పక్కపక్కనే, తెలుగులో కూడా, లెక్కగట్టిందెవరో చెబుతూ ఇవ్వాలని ఆదేశించండి. ఏటా అంచనాను, అసలు ఉత్పత్తిని కలిపి చూపించమనండి.

ఇట్లు,
ముదిగుబ్బ నుంచి ఒక చిన్న మదుపరి