వేకువచుక్క చెప్పు పాఠము

సూర్యునకు మనకంటె చేరువగా తిరుగు గ్రహముపై జీవులు నివసింపగలవా? ఇట్టి ఊహలు వట్టి కాలవ్యయమని కొందరందురు. ఆ మాట సరికాదని నా అభిప్రాయము.

మనము వేకువచుక్కయని పిలుచు శుక్రుని చూడుడు. భూమి సూర్యునకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండగా, శుక్రుడు 10.8 కోట్ల కిలోమీటర్ల దూరమున తిరుగుచున్నాడు. పరిమాణమున ఇంచుమించు భూమికి తోబుట్టువే. దట్టమైన మేఘములు ఆ గ్రహము నెల్లప్పుడును కప్పియుండును. మేఘములున్నచోట వానలు, వానలున్నచోట పచ్చదనము ఉండునని పూర్వులు తలచిరి. స్వీడను దేశీయుడైన అర్హీనియస్ అను మహాశాస్త్రజ్ఞుడు సైతము అచట చిత్తడినేలలును, వృక్షజాలమును ఉండునని ఊహించెను.

1962లో మారినర్-2 వ్యోమనౌక శుక్రుని సమీపముగా సాగిపోవుచు ఆ గ్రహము మిక్కిలి వేడియైనదని తెలిపినది. 1970లో సోవియట్ వెనెరా-7 ఆ నేలపై దిగినది. అచటి వేడిమి సుమారు 465 డిగ్రీల సెల్సియస్, సీసమైనను కరగిపోవును. గాలి యొత్తిడి భూమిపై కంటె 90 రెట్లు అధికము. ఆ మేఘములు నీటిమేఘములు కావు, గంధకామ్లపు తుంపురులు.

ఇందులకు సూర్యసామీప్యమే కారణమందురా? బుధుడు సూర్యునకు మరింత చేరువగా నున్నాడు. అయినను అచట పగటి వేడిమి 430 డిగ్రీలకు మించదు. శుక్రుని గాలిలో నూటికి 96 పాళ్ళు బొగ్గుపులుసు వాయువే. నేలనుండి వెలువడు వేడిమిని అది దుప్పటివలె పట్టియుంచును.

మరి సూర్యునకు చేరువగా నివాసయోగ్యమైన లోకము అసాధ్యమా? శుక్రుడు తన చుట్టు తాను ఒకమారు తిరుగుటకు 243 దినములు పట్టును. ఇంత మెల్లగా తిరుగు గ్రహమునకు పలుచని గాలియు, కొద్దిపాటి సముద్రమును ఉన్నచో, పగటివైపున లేచు మేఘములు గొడుగువలె ఎండను మరలించి, నేలను చల్లగా నుంచగలవని 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు గణించిరి. పూర్వము శుక్రుడు అట్లే యుండెనేమోయని వారి భావన. దీనిని అందరును అంగీకరింపలేదు; పరిశోధన సాగుచున్నది.

కావున ఊహించుట దోషము కాదు. ఊహను పరీక్షకు నిలుపకుండుటయే దోషము. అర్హీనియస్ ఊహ తప్పిపోయినను, ఆ మేఘముల వెనుక నేమున్నదో చూడవలెనను కోరికను ఇట్టి ఊహలే పెంచినవి.

ఇందు మనకు మరియొక హెచ్చరిక కలదు. గ్రహము బ్రదుకునకు తగినదగుటకు దూర మొక్కటియే చాలదు. గాలియు తగినదై యుండవలెను. పారిశ్రామిక యుగమునకు పూర్వము మన గాలిలో పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్ళను మించినది. భూమి శుక్రుడు కాబోదు గాని, వేడెక్కుట మాత్రము నిజము. సూర్యునకు మనకు గల దూరమును మనము మార్పజాలము. గాలిని మాత్రము మార్చుచున్నాము; దానిని కాపాడుటయు మన చేతిలోనే యున్నది.